పనిలో దెబ్బ తగిలితే పరిహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

కట్టు కట్టిన చెయ్యి, ప్లాస్టిక్ కవర్లో ఎక్స్‌రేలు, పక్కన భార్యో తమ్ముడో. పటాన్‌చెరు దగ్గర మా కార్మిక సంఘం ఆఫీసుకు సాయంత్రం పూట వచ్చేవాళ్లు మారుతుంటారు, అడిగేవి మాత్రం అవే. అర్జీలు రాసిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి, ఆ ప్రశ్నలన్నీ వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## దెబ్బ తగిలిన రోజు

ముందు ఆస్పత్రికి వెళ్లాలా, పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలా?

ఆస్పత్రికే. కానీ క్యాజువాలిటీలో "ఎలా తగిలింది?" అని అడిగినప్పుడు చెప్పే ఆ ఒక్క మాట మీదే తర్వాత అంతా నిలబడుతుంది. ఫలానా చోట, ఫలానా మెషీన్ మీద, పనిచేస్తుండగా తగిలిందని చెప్పండి. అదే మాట చీటీలో రాశారో లేదో చూసుకోండి. మెడికో లీగల్ కేసుగా, అంటే ఆస్పత్రే పోలీసులకు తెలియజేసే కేసుగా నమోదు చేయమని అడగండి.

వెంట వచ్చిన సూపర్‌వైజర్ "బండి మీద నుంచి పడ్డాడు" అనో "ఇంట్లో జారాడు" అనో రాయించడం మామూలుగా జరుగుతుంది. మా బాబాయికి ప్రెస్ మెషీన్‌లో రెండు వేళ్లు పోయినప్పుడు ఆస్పత్రి కాగితంలో "గేటులో చెయ్యి పడింది" అని ఉంది. నొప్పితో ఉన్న మనిషి అవి చదవలేడు. ఆ ఒక్క వాక్యం తప్పని నిరూపించడానికి మాకు ఏళ్లు పట్టింది. అందుకే ఆ కాగితం ఇంటివాళ్లెవరైనా చదవాలని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఓనర్ "కేసు వద్దు, అంతా నేను చూసుకుంటా" అంటున్నాడు. నమ్మొచ్చా?

వైద్యం చేయిస్తానంటే చేయించుకోండి, అది ఆయన బాధ్యతే. తెల్ల కాగితం మీదగానీ, "నాకు ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు" అని రాసున్న కాగితం మీదగానీ సంతకం మాత్రం పెట్టకండి. ఇప్పటికే పెట్టేసినా కంగారు పడక్కర్లేదు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు ముందే రాయించుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు. డబ్బు మీద రాజీ కుదుర్చుకున్నా దాన్ని కార్మిక శాఖ అధికారి దగ్గర రిజిస్టర్ చేయించాలి. మొత్తం మరీ తక్కువగా ఉన్నా, మోసంతో సంతకం తీసుకున్నా ఆ అధికారి రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చు.

ప్రమాదం జరిగిందని ఓనర్‌కి వీలైనంత త్వరగా రాతలో తెలియజేయండి. రిజిస్టర్డ్ పోస్ట్ అయితే మంచిది. ఆ రోజుకి వాట్సాప్ మెసేజ్ అయినా పెట్టండి, తేదీ నిలిచిపోతుంది.

ఏ కాగితాలు దాచుకోవాలి?

మొదటి ఓపీ చీటీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు. పే స్లిప్ లేకపోతే జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు, ఫోన్‌పే మెసేజ్‌లు, గేట్ పాస్, హాజరు పుస్తకం పేజీ ఫొటో. వయసుకు ఆధార్ లేదా పదో తరగతి మెమో, ఎందుకంటే పరిహారం లెక్కలో వయసు చాలా ముఖ్యం. పక్కన పనిచేస్తున్న ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి. ముఖ్యంగా వాళ్లు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లయితే సొంతూరి అడ్రస్ కూడా తీసుకోండి. ఆరు నెలల తర్వాత వాళ్లు అక్కడ ఉండకపోవచ్చు.

## నాకు వర్తిస్తుందా

తప్పు నాదే. అజాగ్రత్తగా చెయ్యి పెట్టాను. ఇక నాకేమీ రాదా?

వస్తుంది. ఉద్యోగుల పరిహార చట్టం తప్పెవరిదని అడగదు, పనివల్ల, పనిలో ఉండగా దెబ్బ తగిలిందా అని మాత్రమే అడుగుతుంది. అలసటతోనో తొందరలోనో జరిగిన పొరపాటుకు పరిహారం ఆగదు.

యజమాని తప్పించుకునే దారులు మూడే. మత్తులో ఉండడం వల్ల దెబ్బ తగలడం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం. వీటిని రుజువు చేయాల్సింది యజమానే. ఉత్పత్తి పెరగాలని మెషీన్‌కి ఉండే రక్షణ గార్డును ఓనరే తీయించి ఉంటే ఆ మాట గట్టిగా చెప్పండి. మనిషి చనిపోయినా, పూర్తిగా, శాశ్వతంగా పని చేయలేని స్థితికి వచ్చినా ఈ మూడు కారణాలూ పనికిరావు. అప్పుడు తాగి ఉన్నాడన్న వాదనతో కూడా పరిహారం ఆపలేరు.

నేను కంపెనీ మనిషిని కాదు, మేస్త్రీ కింద రోజు కూలీని. ఎవరిని అడగాలి?

మీరు చేస్తున్న పని ఆ కంపెనీ వ్యాపారంలో భాగమై, కంపెనీ ఆవరణలోనో దాని అదుపులో ఉన్న చోటో ప్రమాదం జరిగితే అసలు కంపెనీనే అడగొచ్చు. అది ముందు మీకు కట్టి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. "మా రోల్స్‌లో లేడు" అన్న జవాబుకు విలువ లేదు. అర్జీలో ఇద్దరినీ చేర్చండి. రోజు కూలీ అన్న కారణంతో పరిహారం నిరాకరించే వీలు 2000 సవరణతోనే పోయింది.

సొంతిల్లు కట్టుకునే వ్యక్తి సంగతి వేరు. అక్కడ సాధారణంగా మిమ్మల్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరే బాధ్యుడు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరుంటే ఆ సాయం దీనితో సంబంధం లేకుండా విడిగా అడగొచ్చు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు అందులో నమోదు కావచ్చు.

డ్యూటీకి వెళ్తూ దారిలో యాక్సిడెంట్ అయింది. ఇది పని ప్రమాదమేనా?

ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడు, పని ముగించి ఇంటికి వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదం కూడా పని ప్రమాదమే. అయితే సమయం, చోటు, పరిస్థితి పనికి ముడిపడి ఉండాలి. జీతంలో చందా కోసే కార్మిక బీమా ఈఎస్‌ఐలో ఈ నియమం 2010 నుంచీ ఉంది. మహారాష్ట్రలో తెల్లవారుజామున చక్కెర ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్తూ దారిలో చనిపోయిన వాచ్‌మన్ కేసులో, ఈఎస్‌ఐ లేని కార్మికుల పరిహారానికీ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025 జూలైలో తేల్చింది. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో నేరుగా రాసే ఉంది. షిఫ్ట్ టైమ్ చూపే కాగితం దగ్గర పెట్టుకోండి. దారి మళ్లి పెళ్లికి వెళ్లి వస్తుండగా జరిగితే మాత్రం కష్టం.

లారీ డ్రైవర్లు, క్లీనర్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల ట్రైబ్యునల్లో గానీ, కార్మిక శాఖలో గానీ ఒకచోటే క్లెయిమ్ వేయాలి, రెండు చోట్లా కుదరదు. ట్రైబ్యునల్లో ఎదుటివాడి తప్పు చూపాల్సి రావచ్చు.

డ్యూటీలో ఉండగా గుండెపోటు వచ్చింది. వస్తుందా?

పని స్థలంలో వచ్చినంత మాత్రాన చాలదు. పని ఒత్తిడివల్లే వచ్చిందని, లేదా ఉన్న జబ్బును పనే ముదిరేలా చేసిందని చూపాలి. వరుసగా రెండు షిఫ్టులు చేయించిన హాజరు రికార్డు, ఫర్నేస్ దగ్గర పని, బరువులు మోయడం, రాత్రంతా డ్రైవింగ్ లాంటివి ఉంటే కేసు బలంగా ఉంటుంది.

నాకు దెబ్బ కాదు, దుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయి. దీనికి ఏమైనా ఉందా?

ఉంది. వృత్తివల్ల వచ్చే జబ్బులకు చట్టంలో విడిగా జాబితా ఉంది. రాతిపొడివల్ల వచ్చే సిలికోసిస్, ఆస్బెస్టాస్ జబ్బు, పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, సీసం విషం అందులో ఉన్నాయి. మార్కాపురం పలకల పనివాళ్లు, క్రషర్లలో, క్వార్ట్జ్ పొడి మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. పెద్ద చిక్కేమిటంటే చాలామందికి టీబీ అని మందులిచ్చి పంపేస్తారు. ఎన్నేళ్లు ఏ దుమ్ములో పనిచేశారో డాక్టర్‌కి మీరే చెప్పండి, ఆయన అడగకపోయినా చెప్పండి.

పాత చట్టం వర్తిస్తుందా, కొత్త కోడా?

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం అందులో కలిసిపోయాయి. మీ పరిహారాన్ని ప్రమాదం జరిగిన రోజున ఏ చట్టం ఉందో దాని ప్రకారం లెక్కిస్తారు. పరిహారం లెక్కగట్టే పద్ధతి, రెండేళ్ల గడువు లాంటి ముఖ్యమైనవి కోడ్‌లోనూ కొనసాగాయి.

## ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకి

జీతంలో ఈఎస్‌ఐ కట్ అవుతోంది. నాకు ఏమేమి వస్తాయి?

నెల జీతం రూ.21,000 లోపు ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐ ఉంటుంది. మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఈఎస్‌ఐ చూస్తుంది. పని చేయలేని రోజులకు సగటు రోజు వేతనంలో 90 శాతం ఇస్తుంది. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు శాతం తేల్చి, జీవితాంతం నెలనెలా ఇస్తుంది. ఉదాహరణకు సగటు రోజు వేతనం 600 అయితే అందులో 90 శాతం 540. బోర్డు 30 శాతం నష్టం అని తేలిస్తే రోజుకు రూ.162, అంటే నెలకు సుమారు రూ.4,860. మీరు మళ్లీ పనిలో చేరినా అది ఆగదు. కార్మికుడు చనిపోతే కుటుంబానికి పింఛను వస్తుంది.

వీటన్నింటికీ యజమాని ఈఎస్‌ఐకి పంపే ప్రమాద రిపోర్టే మొదటి మెట్టు. పంపారో లేదో అడిగి, కాపీ తీసుకోండి. రిపోర్టు లేకపోతే అదే దెబ్బను మామూలు అనారోగ్యంగా రాస్తారు, అప్పుడు వచ్చే డబ్బు తక్కువ.

చేరి వారమే అయింది, ఈఎస్‌ఐ నంబర్ కూడా రాలేదు. అప్పుడు?

పని ప్రమాదానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. మొదటి రోజే దెబ్బ తగిలినా హక్కు ఉంటుంది. ప్రమాదం నాటికి పేరు నమోదు చేయకపోవడం యజమాని తప్పు, దానివల్ల కార్మికుడి కుటుంబం నష్టపోకూడదని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. దగ్గర్లోని ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.

ఈఎస్‌ఐ కూడా తీసుకుని, ఓనర్ దగ్గర పరిహారం కూడా అడగొచ్చా?

కుదరదు. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికుడు అదే దెబ్బకు యజమాని దగ్గర చట్టపరమైన పరిహారం వేరుగా అడగలేడు. మొత్తం డబ్బు ఒకేసారి రావడం లేదని కొందరు బాధపడతారు. 30 ఏళ్ల వయసులో దెబ్బ తగిలినవాడికి జీవితాంతం నెలనెలా వచ్చేది చివరికి తక్కువేమీ కాదని నా అభిప్రాయం. ఒకేసారి వచ్చిన డబ్బు అప్పులకూ ఆస్పత్రికీ కరిగిపోవడం చాలాసార్లు చూశాను.

## డబ్బు లెక్క

ఈఎస్‌ఐ లేదు. నాకు ఎంత రావాలో నేనే లెక్క వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. కార్మికుడు చనిపోతే నెల వేతనంలో సగాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చించాలి. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి అయితే వేతనంలో 60 శాతాన్ని అదే గుణకంతో హెచ్చించాలి. గుణకం 25 ఏళ్లకు 216.91, 30కి 207.98, 40కి 184.17, 50కి 153.09, 60కి 117.41. మీ జీతం ఎంతున్నా, 2020 జనవరి 3 నుంచి వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు తీసుకునేది నెలకు రూ.15,000 వరకే. అర్జీ వేసే రోజున పరిమితి ఏమైనా పెరిగిందేమో లేబర్ ఆఫీసులో అడగండి.

30 ఏళ్ల మనిషి, జీతం 18,000 అనుకుందాం. లెక్కకు 15,000. మరణమైతే 7,500 × 207.98, అంటే రూ.15,59,850. పూర్తి శాశ్వత వైకల్యమైతే 9,000 × 207.98, అంటే రూ.18,71,820. "లక్ష ఇస్తా, సంతకం పెట్టు" అని ఎవరైనా అన్నప్పుడు ఈ అంకెలు మీ చేతిలో ఉండాలి.

బొటనవేలు పోయింది. దానికి ఎంత?

ఏ అవయవం పోతే సంపాదన శక్తి ఎంత శాతం పోయినట్టో చట్టానికి జతచేసిన పట్టికలో, అంటే షెడ్యూల్‌లో రాసి ఉంది. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికి లేదా చిటికెన వేలికి 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. పూర్తి వైకల్యానికి వచ్చే మొత్తంలో ఆ శాతం మీకు వస్తుంది. జీతం 12,000, వయసు 40 అయితే పూర్తి మొత్తం 7,200 × 184.17, అంటే రూ.13,26,024. అందులో బొటనవేలికి 30 శాతం, సుమారు రూ.3,97,800.

నేను కార్పెంటర్‌ని, చెయ్యి తీసేశారు. షెడ్యూల్ శాతమే ఇస్తామంటున్నారు.

ఒప్పుకోకండి. 1976లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. ప్రమాదంలో ఎడమచెయ్యి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగి కేసది. ఒక్క చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి ఇది నూటికి నూరు శాతం నష్టమేనని కోర్టు ఒప్పుకుంది. దెబ్బ తగిలినప్పుడు మీరు చేస్తున్న పని మళ్లీ చేయగలరా అన్నదే ప్రశ్న. డ్రైవర్ కాలు, టైలర్ వేళ్లు, వెల్డర్ కన్ను ఇలాగే చూడాలి. మీ పని ఏమిటో, అందులో ఆ అవయవం ఎందుకు కావాలో అర్జీలో వివరంగా రాయండి.

సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం అని ఉంది. పరిహారం కూడా అంతేనా?

కాదు. సదరం శరీర వైకల్యాన్ని కొలుస్తుంది, పింఛను కోసం ఇచ్చేది. పరిహారానికి చూసేది సంపాదన సామర్థ్యం ఎంత పోయిందన్నది. శరీర వైకల్యం 40 శాతమే ఉన్నా సెంట్రింగ్ పనివాడికి సంపాదన నష్టం అంతకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. షెడ్యూల్‌లో లేని గాయాలకు, ఉదాహరణకు వెన్నెముక దెబ్బకు, ఈ శాతాన్ని డాక్టర్ విడిగా రాసివ్వాలి. సర్టిఫికెట్ అడిగేటప్పుడే ఈ తేడా ఆయనకు చెప్పండి.

అవయవం పోలేదు గానీ నాలుగు నెలలు మంచం మీదే ఉన్నాను.

తాత్కాలిక వైకల్యానికి ప్రతి పదిహేను రోజులకోసారి నెల వేతనంలో 25 శాతం వస్తుంది. 12,000 జీతమైతే పదిహేను రోజులకు 3,000. గరిష్ఠంగా ఐదేళ్ల వరకు ఇవ్వొచ్చు. మూడు రోజుల్లో తగ్గిపోయే దెబ్బకు ఇది ఉండదు. 28 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మొదటి రోజు నుంచే లెక్క. ఆస్పత్రికి నిజంగా అయిన ఖర్చు యజమాని విడిగా కట్టాలి, పరిహారంలో కోసుకోకూడదు.

## మనిషే పోయినప్పుడు

మా ఆయన పోయారు. కంపెనీ ఐదు లక్షలు చేతికిస్తాం, ఇంతటితో అయిపోయింది అంటోంది.

మరణ పరిహారాన్ని యజమాని కార్మిక శాఖ అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి. మీ చేతికి నేరుగా ఇచ్చినది చట్టం దృష్టిలో పరిహారం చెల్లించినట్టు కాదు. మూడు నెలల వేతనం వరకు అడ్వాన్సుగా ఇచ్చినదాన్ని మాత్రమే తర్వాత తగ్గించుకోవచ్చు. దినకార్యాల కోసం డబ్బు అవసరమై తీసుకున్నా మీ హక్కు పోలేదు, అపరాధ భావం పెట్టుకోకండి.

భార్యకు, మైనర్ పిల్లలకు, పెళ్లికాని కూతురికి, భర్త లేని తల్లికి హక్కు ఉంటుంది. ఎవరికెంత అన్నది అధికారి నిర్ణయిస్తారు, పిల్లల వాటా వాళ్ల పేరున బ్యాంకులో వేయిస్తారు. ఆ డబ్బు బావగారి చేతికో మామగారి చేతికో వెళ్లిపోకుండా ఈ పద్ధతే కాపాడుతుంది.

ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇచ్చింది. ఇక పరిహారం రాదా?

వస్తుంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం, 2025 జూన్‌లో పాశమైలారం లాంటి పెద్ద ప్రమాదాల తర్వాత ప్రభుత్వాలు ప్రకటించే సాయం వేరు, చట్టం ప్రకారం రావలసింది వేరు. పీఎఫ్ ఉంటే ఈడీఎల్‌ఐ బీమా కింద రూ.7 లక్షల వరకు, భార్యకు పింఛను వస్తాయి. బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కట్ అవుతుంటే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద 2 లక్షలు. పాస్‌బుక్ తీసి ఆ ఎంట్రీ వెతకండి, తెలియక వదిలేసిన కుటుంబాలు ఉన్నాయి.

## క్లెయిమ్ వేయడం

మాది శ్రీకాకుళం, ప్రమాదం చెన్నైలో. అక్కడికి తిరగాలా?

అక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు మామూలుగా ఉండే చోట గానీ, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోట గానీ వేయొచ్చు. మన రాష్ట్రాల్లో ఉప కార్మిక కమిషనర్, సహాయ కార్మిక కమిషనర్ ఆఫీసుల్లో ఈ కేసులు చూస్తారు. లేబర్ ఆఫీసు అంటే ఎవరైనా దారి చెబుతారు.

రెండేళ్లు దాటిపోయింది. ఇక లాభం లేదా?

గడువు రెండేళ్లే. కానీ ఆలస్యానికి తగిన కారణం చూపితే అధికారి మన్నించవచ్చు. వరుస ఆపరేషన్లు, ఓనర్ ఇస్తానని తిప్పించుకున్న మెసేజ్‌లు, చదువు రాకపోవడం లాంటివి రాసి, ఆధారాలు జతచేసి వేయండి.

లాయర్‌కి ఇచ్చేంత డబ్బు లేదు.

మీరే స్వయంగా వేయొచ్చు. అధికారి అనుమతితో రిజిస్టరైన కార్మిక సంఘం ప్రతినిధి మీ తరఫున హాజరు కావచ్చు. జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థ పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. వచ్చినదాంట్లో మూడో వంతు అడిగే మధ్యవర్తులు ఆస్పత్రి గేటు దగ్గరే ఉంటారు, వాళ్లకు కాగితాల అసలు ప్రతులు ఇవ్వకండి.

ఓనర్ ఏళ్ల తరబడి సాగదీస్తే?

పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఈ రెండూ అర్జీలోనే అడగండి. హైకోర్టుకు అప్పీలు వెళ్లాలంటే ముందు యజమాని మొత్తం డిపాజిట్ చేయాలి. కట్టకపోతే ఆస్తిపై వసూలు చర్యకు అడగొచ్చు.

గల్ఫ్‌లో పని చేస్తూ దెబ్బ తగిలింది. ఇక్కడ వేయొచ్చా?

అక్కడి కంపెనీ మీద అక్కడి చట్టమే వర్తిస్తుంది. యూఏఈలో పనివల్ల చనిపోతే కుటుంబానికి 24 నెలల మూల వేతనం, కనీసం 18,000, గరిష్ఠంగా 2 లక్షల దిర్హమ్‌లు రావాలి. సౌదీలో విదేశీ కార్మికుడికి కూడా యజమాని 2 శాతం ప్రమాద బీమా చందా కట్టాలి. ఈసీఆర్ (వెళ్లే ముందు ఇమిగ్రేషన్ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, ప్రమాద మరణానికీ శాశ్వత వైకల్యానికీ 10 లక్షలు. ఆ పాలసీ కాగితం జగిత్యాలలోనో అమలాపురంలోనో ఇంట్లో బీరువాలో ఉండే అవకాశం ఉంది, ముందు అది వెతకండి. ఫిర్యాదు విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో నమోదు చేయండి. ఇంటికి తిరిగి వచ్చే ముందు "అన్నీ ముట్టాయి" అని అరబిక్‌లో రాసిన కాగితం ఇస్తే, రాయబార కార్యాలయం వాళ్లకు ఫొటో పంపి, అందులో ఏముందో తెలిశాకే సంతకం పెట్టండి.